పేజీ నూట పన్నెండు

జులై చివరి సోమవారం.
హోబర్ట్ కొండ నెత్తిన మంచు.
మూనాలో బేకరీ షట్టరు కింద నుంచి వంగి బయటపడి
మోచేతుల మీది పిండి దులుపుకుంటూ
ఏడూ నలభై బస్సెక్కాను.

బస్సు నిండా కొత్త బ్యాగులు.
జిప్పులింకా బిర్రుగా ఉన్నవి,
ధర చీటీ దారం వేలాడుతున్నదొకటి.
నా బ్యాగు పట్టీ పిన్నీసు మీద బతుకుతోంది.

కొత్త సెమిస్టరు అంటారు.
నా కాగితంలో మాత్రం
పోయినేడాది కోడే, ఆ గదే,
ఆ ఉష్ణగతిశాస్త్రమే.
పేరు పక్కన చిన్న అక్షరాల్లో: రెండోసారి.
నలభై ఒకటి వచ్చాయి నాకు. యాభై రావాలి.
ఆ తొమ్మిది మార్కులు ఎక్కడ జారిపోయాయో
ఎనిమిది నెలలు వెతికాను,
ఓవెన్లోకి ట్రేలు తోస్తూ,
ఫోన్లో అక్కతో "క్లాసులు బానే ఉన్నాయి" అంటూ.
ఆ "బానే"లో సాగతీత కాస్త ఎక్కువై
తను ఊరుకుంటే, నేనూ ఊరుకుంటూ.

గది మారలేదు.
మూడో వరస కుర్చీ ఇంకా కుయ్యిమంటోంది.
కిందటిసారి వెనక కూర్చున్నాను,
తలలు అడ్డమొచ్చి బోర్డు కనపడలేదని చెప్పుకున్నాను.
ఈసారి ముందు కూర్చున్నాను.
బోర్డంతా కనపడుతోంది,
ఇక చెప్పుకోడానికేం మిగల్లేదు.

ప్రిడో మేడమ్ వచ్చింది.
ఆవపిండి రంగు స్వెట్టరు,
మూత చొట్టపడ్డ ఫ్లాస్కు, కప్పులో పొగలు.
"ఈ టీ దానంతటదే చల్లారుతుంది.
దానంతటదే మళ్ళీ వేడెక్కితే
నన్ను నిద్ర లేపండి, ఎన్ని గంటలకైనా సరే."
గది నవ్వింది.
నేను అరక్షణం ముందే నవ్వేశాను.

ఆవిడ నా వైపు చూసింది,
మొదటి బంతిలో తిని
రెండో బంతిలోనూ విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి
గరిటె పట్టుకున్నావిడ చూసినట్టు.
ఏమీ అనలేదు.

పక్కన బర్నీ నుంచి వచ్చిన కీరన్,
పద్దెనిమిదేళ్ళు, ఐదు రంగుల పెన్నులు,
"ఈవిడ బాగా చెప్తుందా?" అన్నాడు.
చెప్తుందన్నాను.
అది నిజం. చిక్కంతా అక్కడే.

నా పుస్తకాన్ని డిసెంబర్లో
నలభై డాలర్లకి అమ్మేశాను,
మళ్ళీ దాని మొహం చూడకూడదని.
ఈ మధ్యాహ్నం మెట్ల కింద పాత పుస్తకాల బల్ల మీద
అరవై ఇచ్చి ఒకటి కొన్నాను.
వెనక అట్ట మీద కాఫీ మరక చూసి అనుమానం,
మొదటి పేజీలో కొట్టేసిన నా పేరు చూసి రూఢి.
దాని కింద ఇంకో పేరు, హెచ్. ట్రెలోర్.
అదీ కొట్టేసే ఉంది.

పేజీ నూట పన్నెండు.
వేడి చల్లటి వైపే పోతుంది, తిరిగి రాదు.
ఆ వాక్యం పక్కన
అప్పుడు పెన్సిలుతో తెలుగులో రాసుకున్న ఒక్క మాట:
ఎందుకు?
అడగలేదు.
చెయ్యెత్తబోయి తల గోక్కున్నాను, గుర్తుంది.

ఆ మాట చుట్టూ ఇప్పుడు నీలం సిరాతో ఒక సున్నా,
సున్నా నుంచి ఒక బాణం,
బాణం కొసన ట్రెలోర్ దస్తూరి:
"ఈ గుర్తు ఏమిటి? పరీక్షలో వస్తుందా?"

మెట్ల మీద కూలబడి నవ్వాను.
అటు పోతున్న ఇద్దరు ఆగి చూశారు.
పాపం, ఎవరో ఏమో,
గ్రీకు అక్షరాల పట్టికంతా గాలించి ఉంటారు,
పరీక్ష ముందు రాత్రి
ఎవరి తలుపో తట్టి ఉంటారు,
నా ప్రశ్న పట్టుకుని,
అది ప్రశ్నని కూడా తెలీకుండా.

నాలుగింటికి ట్యుటోరియల్.
అందరూ వెళ్ళేదాకా కూర్చుని
పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టాను.
కళ్ళజోడు ముక్కు మీదికి దించి
సిరా చదివింది, బాణం వెంట పోయింది,
పెన్సిలు దగ్గర ఆగిపోయింది.
"ఇదేమిటి?"
"నాదే. పోయినేడాదిది."

పొద్దుటి కప్పు ఇంకా బల్ల మీదే ఉంది.
ఎత్తి ఒక గుక్క తాగి మొహం చిట్లించి
కుర్చీ చూపించింది.
"ముందు ఓసారి పైకి చదువు," అంది,
"ఎలా పలుకుతారో విందాం."